మర్చిపోయుంటాను

ఫరీదాబాద్‌లో వసంతకుమారి సిస్టర్‌ని ఎరిగినవాళ్ళు మొదట ఆవిడ జ్ఞాపకశక్తి గురించే చెప్పేవారు. చెయ్యి మంచిదనీ, సూది గుచ్చితే తెలియనే తెలియదనీ ఆ తర్వాత చెప్పేవారు. ఎప్పుడో మలేరియాతో వచ్చిపోయిన మనిషి కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే పేరు పెట్టి పలకరించి, ఆ మాత్ర పడక చెవుల్లో హోరుమంటోందని గోల పెట్టావు గదా భయ్యా, ఇప్పుడెలా ఉంది అని అడిగేది. అడగడం హిందీలోనే, యాస మాత్రం అచ్చం రేపల్లెది. ఆ మనిషి నోరు వెళ్ళబెట్టేవాడు. పక్కనున్న కూతురు ఫేబీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నడిరోడ్డు మీద జనం రోగాలు బయటపెట్టే తల్లి ఉంటే ఎవరికైనా అంతే మరి.

భర్త పోయాక మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని, మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న నర్సు పని ఒక్కటే నమ్ముకుని రైలెక్కిన మనిషి ఆవిడ. ఢిల్లీలో రెండు మూడు చోట్ల చేసి, చివరికి ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుదురుకుని వార్డు సిస్టర్ అయింది. పిల్లని చదివించింది. ఆ పిల్ల తల్లితో తెలుగు, మిగతా లోకంతో హిందీ మాట్లాడుతూ పెరిగి, కంప్యూటర్లు చదివి, ఢిల్లీ ఓఖ్లాలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరింది. రెండువేల ఐదు నాటికి ఆ కంపెనీ ఆసుపత్రుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. రోగి పేరు, మంచం నంబరు, పడని మందులు అన్నీ కాగితాల మీద కాకుండా కంప్యూటర్లో పెట్టుకోవడానికన్నమాట. వసంతకుమారి ఒక మాట వెయ్యబట్టే వాళ్ళ ఆసుపత్రి దాన్ని తీసుకుంది. "మా ఫేబీ రాసిన కంప్యూటరు" అని ఆవిడ ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ చెప్పుకుంది. కంప్యూటరు రాయరమ్మా, ప్రోగ్రాం రాస్తారు అని కూతురు ఎన్నిసార్లు దిద్దినా చెవిన వేసుకోలేదు.

ఇక్కడ ఆ ప్రోగ్రాం సంగతి కాస్త చెప్పక తప్పదు. బెదిరిపోకండి, వంటింటి లెక్కలోనే చెబుతాను.

ఫేబీ రాసినదాంట్లో ఒక్కో రోగీ ఒక్కో మూట. ఆ మూటని వాళ్ళు ఆబ్జెక్ట్ అంటారు. పేరూ, మంచమూ, పడని మందుల జాబితా అన్నీ ఆ మూటలోనే ఉంటాయి. మిగతా భాగాలు రాసేవాళ్ళు ఎవరుపడితే వాళ్ళు అందులో చెయ్యిపెట్టి కెలక్కుండా, ప్రతిదాని ముందూ ప్రైవేట్ అన్న మాట రాసిపెట్టింది. ఆ మాట ఉంటే బయటివాళ్ళు నేరుగా ముట్టుకోలేరు. కావాలంటే అడగాలి, అడిగితే మూట తీసి ఇస్తుంది. ఈ విషయంలో ఫేబీకి మహా పట్టింపు. పక్క కుర్చీలో కూర్చుని మంచానికి తగిలించే చీటీలు అచ్చువేసే భాగం రాసే రఘురామ్, కంటోన్మెంట్‌లో పెరిగిన హవల్దారుగారి అబ్బాయి, ఒకసారి అడగడం దేనికి, నేరుగా తీసేసుకుంటా అన్నందుకు అందరి ముందూ కడిగి పారేసింది. రోగుల వివరాలు నీ జేబురుమాలు కాదంది. రఘురామ్ నవ్వేసి, సరే మేడమ్‌జీ, అడిగే తీసుకుంటా అన్నాడు. అన్నట్టే అడిగే తీసుకున్నాడు.

ఆ చలికాలం హనుమయ్య అనే ఆయన కడుపు ఆపరేషన్ కోసం వసంతకుమారి వార్డులో చేరాడు. అక్కడి ఫ్యాక్టరీలోనే ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. తెలుగు మాట్లాడే సిస్టర్ దొరికిందని ప్రాణం లేచొచ్చి, తనకి పడనివన్నీ ఏకరువు పెట్టాడు. సల్ఫా మాత్రలు పడవు. అయోడిన్ పడదు. పెన్సిలిన్ పడదు. ఫలానా నొప్పి ఇంజక్షను అసలే పడదు, ఒకసారి పొడిస్తే గొంతు పూడుకుపోయి చావుతప్పిందన్నాడు. వసంతకుమారి అవన్నీ కంప్యూటర్లో ఎక్కించి, చీటీ అచ్చువేసి మంచానికి తగిలించింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఆయన నొప్పో అంటే, డ్యూటీలో ఉన్న ఇంకో నర్సు చీటీ చూసింది. స్క్రీన్ కూడా తీసి చూసింది. పాపం, ఆ పిల్ల చెయ్యాల్సిందంతా చేసింది. రెండుచోట్లా ఉన్నవి మూడే. నొప్పి ఇంజక్షన్ పేరు ఎక్కడా లేదు. ఇచ్చేసింది. డాక్టరు పరుగెత్తుకొచ్చేసరికే హనుమయ్య నీలంగా మారిపోయాడు. కొన్నాళ్ళు మిషను మీద ఊపిరి తీసుకుని, ఆ తర్వాత అదీ లేకుండా పోయాడు.

ఎక్కించింది వార్డు సిస్టర్ కాబట్టి తప్పు వార్డు సిస్టర్‌దేనని ఆసుపత్రిలో మొదటిరోజే అనేశారు. విచారణ పెడతామన్నారు. నేరం రుజువైతే ఉద్యోగం ఒక్కటే కాదు, నర్సుగా పేరు కూడా కొట్టేస్తారు, ఇక ఎక్కడా సిరంజి పట్టుకోవడానికి ఉండదు. ఇరవయ్యేళ్ళకు పైగా ఆ పని తప్ప మరొకటి ఎరగని మనిషికి అది ఎంత దెబ్బో వేరే చెప్పాలా.

ఆ సాయంత్రం వసంతకుమారి ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది.

"నాలుగూ కొట్టానే ఫేబీ. నా చేత్తో నేను కొట్టాను" అంది.

ఫేబీ తల్లి పక్కన కూర్చుని వీపు రాసింది. కానీ లోపల ఒక ముల్లు. నాలుగూ కొట్టి ఉంటే నాలుగూ ఉండాలి. ప్రైవేట్ అని పెట్టింది తనే, అందులోంచి ఒకటి జారిపోవడానికి దారే లేదు. ఆ మాటే తల్లితో మెత్తగా అంది. ఎవరూ ముట్టుకోలేరమ్మా, కొట్టింది కొట్టినట్టే ఉంటుంది అంది. ఆగి, "ఆ టైమ్‌లో కళ్ళజోడు పెట్టుకున్నావా?" అని అడిగింది. వసంతకుమారి ముక్కు మీది కళ్ళజోడు తడిమి చూసుకుంది. పెట్టుకున్నానే అనుకుంటున్నా అంది.

అదే మొదలు. ఆ తర్వాత ఎన్ని నోళ్ళు, ఎన్ని ప్రశ్నలు. ఆసుపత్రి నడిపే పెద్ద డాక్టరమ్మ పిలిపించి, ఆ పూట కరెంటు పోయిందటగా, సరిగ్గా అప్పుడే ఎక్కిస్తున్నావేమో గుర్తుచేసుకో సిస్టర్ అంది. ఇంకొకరు, ఫోనేమైనా మోగిందా అన్నారు. ఏ ప్రశ్నా చెడ్డది కాదు. అందరూ ఆవిడ మేలుకోరే అడిగారు. అడిగిన ప్రతివాళ్ళూ వెళ్ళిపోయారు, వాళ్ళ ప్రశ్న మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఒకరోజు హనుమయ్య భార్య మాణిక్యాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆయన నీకు చెప్పలేదా తల్లీ, చెప్పినా నువ్వు రాయలేదా?" అంది.

వసంతకుమారి లోలోపలే లెక్క చూసుకుంది. రాశానంటే ఏమవుతుంది? కళ్ళ ముందు స్క్రీన్ మీద లేదాయె. చెప్పలేదంటే చచ్చిపోయినాయన మీద అబద్ధమాడినట్టు. మిగిలింది ఒక్కటే దారి. "ఆయన చెప్పాడమ్మా. నేనే మర్చిపోయుంటాను" అంది. మాణిక్యాంబ తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పుడు ఫేబీ ఇంట్లో లేదు. తర్వాత పక్కింటి ఆంటీ చెప్పింది.

వాళ్ళది తెలుగు క్రైస్తవ సంఘం. ఆదివారం ఆరాధన ఒక స్కూలు హాల్లో జరుగుతుంది. పాటలూ ప్రసంగమూ అయ్యాక ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో చేసిన మేలు నలుగురి ముందూ చెప్పుకోవడం. వాళ్ళలో చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. ఒప్పుకున్నకొద్దీ బరువు దిగుతుందంటారు, నిజంగానే దిగుతుంది, కాదనను. అయితే దాంతో ఒక చిక్కుంది. సాక్ష్యంలో ఎవరూ చేసుంటాను, అనుంటాను అని నసగరు. చేశాను, అన్నాను అంటారు. అలా అంటేనే ఆమెన్ అంటారు. సంఘపెద్ద సాలొమోనుగారు మంచివాడు, నిజంగా మంచివాడు. వసంతకుమారి నిద్రాహారాలు మానేసిందని తెలిసి ఇంటికొచ్చి ప్రార్థన చేశాడు. మరుపు మనిషికి సహజమమ్మా, ఒప్పుకో, దేవుడు మోస్తాడు అన్నాడు.

ఆ ఆదివారం ఆవిడ లేచింది. కొంగు తలమీదుగా లాక్కుంది.

"ఆరోజు కరెంటు పోయొచ్చింది. ఫోను మోగింది. కళ్ళజోడు బల్ల మీద ఉంది. నాలుగోది కొట్టడం మర్చిపోయాను. నా మరుపు వల్ల ఒక ప్రాణం పోయింది. ప్రభువు నన్ను క్షమించాడు" అంది.

హాలంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో కూర్చున్న ఫేబీ మాత్రం ఆ మాటలు ఒక్కొక్కటే ఎవరివో లెక్కపెట్టుకుంది. కరెంటు డాక్టరమ్మది. ఫోను ఇంకెవరిదో. కళ్ళజోడు తనది. తల్లి కళ్ళజోడు తియ్యగా ఫేబీ పుట్టి బుద్ధెరిగాక చూసింది స్నానానికి వెళ్ళేటప్పుడూ, పడుకునేటప్పుడే. ఆ ఒక్క ప్రశ్న తను ఎందుకు అడిగిందా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అమ్మ నిజమే చెప్పి ఉంటే? ఆ సంగతి అప్పటిదాకా తనకి తట్టనే లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఓఖ్లాలో మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక, అమ్మ నాలుగూ కొట్టిందనే నమ్మి ఫేబీ కంప్యూటరు ముందు కూర్చుంది. లేని రోగి ఒకణ్ణి సృష్టించి నాలుగు మందులు ఎక్కించింది. చీటీ అచ్చువేసింది. మళ్ళీ తెరిచింది.

మూడే ఉన్నాయి.

ఈసారి ఐదు ఎక్కించింది, అచ్చువేసింది, మూడు. రఘురామ్‌ని భోజనం మధ్యలోంచి లాక్కొచ్చింది. ఇద్దరూ కూర్చుని వరసవారీ చూశారు. చీటీ మీద మూడు వరసలకే చోటుంది. అందుకని రఘురామ్ జాబితా అడిగి తీసుకుని, మూడు దాటినవి తీసేసి, ఇంకా ఉంటే స్క్రీన్ మీద చూడండి అని ప్రతి చీటీ కిందా ఒకే ముక్క అచ్చువేశాడు. తీసుకున్నది తన కాపీయే అనుకున్నాడు. కాదు. పక్కింటావిడ కాస్త కూర అడిగితే మనం చిన్న గిన్నెలోకి తీసిస్తాం. ఫేబీ పొయ్యి మీది గిన్నె గిన్నే ఎత్తి ఇచ్చేసింది. తలుపుకి ప్రైవేట్ అని తాళం వేసి, కిటికీలోంచి గిన్నె అందించింది. అతను తన పళ్ళెంలోదే అనుకుని తీసి పారబోసినదల్లా రోగి మూటలోంచే పోయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, చీటీ తయారయ్యాకే రికార్డు డిస్కు మీదికి ఎక్కుతుంది. నాలుగోది ఎక్కడా పడలేదు. అది ఒకప్పుడు ఉందని చెప్పే ఆనవాలు కూడా ఏమీ లేదు.

"అరే యార్, నేను అడిగే తీసుకున్నా గదా" అన్నాడు రఘురామ్.

ఎవరికోగానీ నాలుగు పడనివి ఉండవు, అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. పరీక్షించినప్పుడు వాళ్ళు ఎక్కించినవి ఒకటో రెండో.

యజమాని ధవన్ అంతా విని, తలుపు వేసి, ముందు సరిచెయ్యండి అన్నాడు. సరిచెయ్యడం ఎంతసేపు. జాబితా ఇచ్చేచోట దాని కాపీ ఇమ్మని ఒక్క వరస మార్చాలి, అంతే. సాయంత్రానికల్లా కొత్తది ఆసుపత్రులన్నిటికీ వెళ్ళిపోయింది. మరి ఇప్పటిదాకా పోయినవో అని ఫేబీ అడిగింది. ఏ ఊళ్ళో ఎవరి మూటలోంచి ఏది రాలిపోయిందో, వాళ్ళు ఏ ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉన్నారో ఎవరు చెబుతారు? ధవన్ భుజాలెగరేశాడు. వాళ్ళెవరో తెలిస్తే గదా అన్నాడు. తర్వాత నిదానంగా, ప్రోగ్రాం నాలుగోదాన్ని తినగలదని నువ్వు చూపించగలవు, ఆ ముసలాయనది తినేసిందని చూపించలేవు, అది చెప్పగలిగేది మీ అమ్మ ఒక్కతే, కాబట్టి ఆవిడ ఏం చెబుతుందో అదే నిజమవుతుంది అన్నాడు. ఆ మాటలో బెదిరింపు లేదు. అందుకే ఫేబీకి మరింత భయమేసింది.

పాత ప్రోగ్రాంని సీడీలో వేసుకుని ఇంటికొచ్చింది. బదర్‌పూర్ దగ్గర బస్సు ఆగిపోయి కదలకపోతే దిగి నడుద్దామా అనిపించింది. తల్లి చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఫేబీ ఆవిడ ముందు నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. నువ్వు కొట్టావమ్మా, నాలుగూ కొట్టావు, నేను రాసిందే తినేసింది, తప్పు నాది అంది. చెబుతూ ఏడ్చేసింది. వసంతకుమారి చిక్కుళ్ళ చేత్తోనే కూతురి కళ్ళు తుడిచి, "అట్టాగా" అంది. ఇంకేం అడగలేదు. మళ్ళీ చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. అమ్మ గుండె మీద బండ దిగిందనుకుంది ఫేబీ. అలా అనుకోవడమే హాయిగా ఉంది.

విచారణ రోజు పెద్ద డాక్టరమ్మ గదిలో అందరూ కూర్చున్నారు. మాణిక్యాంబ కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఫేబీ సీడీ వేసి చూపించింది. నాలుగు ఎక్కించింది, చీటీ వచ్చింది, మళ్ళీ తెరిస్తే మూడు. ఇంకోసారి చూపించమన్నారు, చూపించింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, అంటే సిస్టర్ కొట్టి ఉంటే అది ఇలా పోయి ఉండొచ్చు, ఒప్పుకుంటున్నాం, తప్పు మీ కంపెనీది అవుతుంది అంది. ఇక మిగిలింది ఒక్క మాట. ఆ మాట కోసం ఫేబీ ఎదురుచూసింది. ఇంకొక్క నిమిషంలో అమ్మ బయటపడిపోతుంది. తర్వాత తన ఉద్యోగం పోతే పోనీ.

"సిస్టర్, నాలుగోది మీరు ఎక్కించారా?" అంది డాక్టరమ్మ.

వసంతకుమారి లేచి నిలబడింది. ముందు మాణిక్యాంబ వంక చూసింది, తర్వాత కూతురి వంక.

"నహీ మేడమ్. నేను కొట్టలేదు" అంది.

ఫేబీ అమ్మా అని అరిచింది. ఆవిడ తొణకలేదు. ఆరోజు తను మూడోది కొడుతుండగా లైటు పోవడం, వచ్చాక ఫోను మోగడం, ఫోను పెట్టేసి నేరుగా చీటీ మీద నొక్కడం, కళ్ళకి సరిగా ఆనకపోవడం అన్నీ వరసగా హిందీలో చెప్పింది. నిన్న జరిగినట్టు చెప్పింది. అబద్ధమాడే మనిషి గొంతు కాదది. ఎప్పుడో వచ్చిపోయిన మలేరియా మనిషిని గుర్తుపట్టే గొంతు. ఆవిడ జ్ఞాపకశక్తి గురించి ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. డాక్టరమ్మ రాసుకుంది. మాణిక్యాంబ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

బయటికొచ్చాక షేర్ ఆటోలో తల్లీకూతుళ్ళు పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఫేబీకి ఏడుపు కూడా రావడం లేదు. వసంతకుమారి ముఖం మాత్రం కడిగినట్టు తేటగా ఉంది. కూతురి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను కాపాడుకోవాలని అదంతా కల్పించావు. నాకు తెలుసులేవే. ఆదివారం సాలొమోనుగారితో చెప్పి నీ కోసం ప్రార్థన పెట్టిద్దాం. నువ్వు కూడా లేచి ఒప్పుకుంటే బరువు దిగుద్ది" అంది.

"నేనేమీ కల్పించలేదమ్మా. నిజంగా అట్టాగే జరిగింది. నీకు చూపించాను గదా" అంది ఫేబీ.

వసంతకుమారికి కోపం రాలేదు. రోగులు మందు వద్దని మారాం చేస్తే చూసే చూపు ఒకటుంది ఆవిడకి, అలా చూసింది. వసంతకుమారి కూతురి చేతి మీద మెల్లగా తట్టింది.

"మొదట్లో నేనూ ఇట్టాగే అన్నాను గదమ్మా" అంది.